మిల్లు మెయిల్ వాపస్ వచ్చిన వారం: మిర్యాలగూడలో ఒక రివర్స్ డీఎన్ఎస్ కేసు

సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఫోన్ వచ్చింది. మిర్యాలగూడ ఊరి చివర ఒక రైస్ మిల్లులో లెక్కలు చూసే పెద్దాయన. నేను ఆయన్ని కాకా అంటాను. "మెయిల్‌లు పోతలేవు బిడ్డా. పంపినవి పంపినట్టే వాపస్ వస్తున్నయి. జర వచ్చి సూడు."

బయటి నుంచి వచ్చేవి వస్తున్నాయా అని అడిగాను. వస్తున్నాయన్నాడు. నల్లగొండలో బండి తీసి గంటలో అక్కడికి చేరాను.

నేను వెళ్లేసరికి కాకా వాపస్ వచ్చిన మెయిల్‌లన్నీ ప్రింట్ తీసి, ఫైలుకు కుట్టి పెట్టాడు. ప్రతి కాగితం మీదా 550 అనే అంకె కింద ఎర్ర పెన్నుతో గీత. ఇంగ్లిష్ వాక్యం జోలికి పోలేదు కానీ, అన్నిట్లో ఒకే అంకె కనిపిస్తోందని పట్టుకున్నాడు. చాలామంది కస్టమర్లు నాకు స్క్రీన్ ఫోటో కూడా సరిగ్గా పంపరు. కాకా ఫైలు వల్లే ఆ రోజు నా పని సగం తేలికైంది. ఆ కాగితంలో ఒక అంకెను నేను తప్పుగా చదవడం వల్ల నాలుగు రోజులు పోయాయి, అది తర్వాత చెబుతాను.

ముందు ఆ మిల్లు సంగతి. ఆఫీసు గదిలో ఒక మూలన చిన్న సర్వర్ ఉంది. డెబియన్ లినక్స్, దాని మీద మెయిల్ పంపి అందుకునే పోస్ట్‌ఫిక్స్, వచ్చిన మెయిల్‌ను మెయిల్‌బాక్సుల్లో చూపే డవ్‌కాట్. ఇరవైలోపు మెయిల్‌బాక్సులు. సొంత సర్వర్ ఎందుకంటే, వాళ్ల మెయిల్‌లో ఎక్కువ భాగం మనుషులు రాసేది కాదు. లారీ కాంటా ఎక్కి దిగగానే తూకం చిట్టీ పీడీఎఫ్‌గా తయారై, కొనుగోలుదారుకూ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకూ దానంతటదే వెళ్తుంది. సీజన్‌లో రాత్రి రెండింటికి కూడా వెళ్తుంది. ఆ చిట్టీ చేరకపోతే అవతలి గోదాములో లారీని లోపలికి రానివ్వరు, డ్రైవరు గేటు బయటే పడుకోవాలి. అంచేత మెయిల్ ఆగిందంటే అక్కడ బియ్యం ఆగినట్టే.

మారింది ఒక్కటే, ఇంటర్నెట్ లైన్. శనివారం సాయంత్రం పాత లీజ్డ్ లైన్ తీసేసి కొత్త కంపెనీ లైన్‌కు మారాం. ఆ రాత్రి నేనే కూర్చుని డొమైన్‌లో 'ఏ' (A) రికార్డు, అంటే పేరు నుంచి నంబరు చెప్పేది, దానితోపాటు మన మెయిల్ ఏ నంబర్ల నుంచి రావచ్చో చెప్పే ఎస్పీఎఫ్, రెండూ కొత్త ఐపీ అడ్రస్‌కు, అంటే కొత్త లైన్ నంబరుకు మార్చాను. మెయిల్ ఏ సర్వర్‌కు రావాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు నంబరు మీద కాక పేరు మీద ఉంటుంది కాబట్టి దాన్ని ముట్టుకోనక్కర్లేదు. బయటి నుంచి ఒక మెయిల్ పంపి చూశాను, వచ్చింది. అంతా అయిపోయిందనుకుని ఇంటికి పోయాను. రివర్స్ రికార్డు, అంటే డీఎన్ఎస్ అనే ఇంటర్నెట్ పేర్ల పుస్తకంలో నంబరు నుంచి పేరు చెప్పే వరస, అసలు గుర్తే రాలేదు. పాత లైన్‌కు దాన్ని నేను ఆ మిల్లులో అడుగుపెట్టకముందే ఎవరో పెట్టించారు. ఏళ్ల తరబడి నోరు మెదపకుండా పనిచేస్తున్నదాన్ని నేను ఒక్కసారి కూడా చూసి ఉండలేదు.

కాకా గీత గీసిన జీమెయిల్ వాక్యం పూర్తి కోడ్ 550 5.7.25. దాని సారం: ఈ మెయిల్ పంపిన ఐపీ అడ్రస్‌కు పీటీఆర్ రికార్డు లేదు, లేదా దాని పేరును ముందు వైపు నుంచి వెతికితే ఈ అడ్రస్ రావడం లేదు.

పీటీఆర్ అంటే ఏందని కాకా అడిగాడు. ఆయనకు చెప్పిన మాటే ఇక్కడ రాస్తాను, నాకు తెలిసి ఇంతకంటే తేలిక దారి లేదు. మన చెలక గేటు మీద బోర్డు మనమే రాయించుకోవచ్చు, ఎవర్నీ అడగనక్కర్లేదు. డొమైన్‌లో 'ఏ' రికార్డు అలాంటిది, పేరు మనది కనుక ఆ పేరు ఏ నంబరుకు పోవాలో మనమే రాస్తాం. కానీ సర్వే నంబరు పట్టుకుని ఇది ఎవరిదని అడిగితే, జవాబు మన బోర్డు మీద ఉండదు, తహసీల్దారు ఆఫీసు రికార్డులో ఉంటుంది. అక్కడ మన పేరు ఎక్కాలంటే ఆ ఆఫీసు వాళ్లే ఎక్కించాలి. పీటీఆర్ అదే, నంబరు నుంచి పేరుకు పోయే దారి. ఐపీ నంబర్లు లైన్ ఇచ్చిన కంపెనీవి, కాబట్టి ఆ పుస్తకం వాళ్ల చేతిలో ఉంటుంది.

"అయితే పాస్‌బుక్కులో పేరెక్కలేదన్నట్టు" అన్నాడు కాకా. సరిగ్గా అదే.

అవతలి సర్వర్ రెండు వైపులా చూస్తుంది. నంబరు అడిగితే పేరు రావాలి, ఆ పేరు అడిగితే మళ్లీ అదే నంబరు రావాలి. నంబరు యజమానీ పేరు యజమానీ ఇద్దరూ ఒప్పుకుంటేనే ఇది కుదురుతుంది. వైరస్ పట్టిన ఇంటి కంప్యూటర్లు లక్షల్లో స్పామ్ పంపుతాయి, వాటిలో చాలా నంబర్లకు ఇలాంటి ఒప్పందం ఉండదు. చాలా సర్వర్లు ఈ ఒక్క పరీక్షతోనే వాటిని గుమ్మం దగ్గర ఆపేస్తాయి. ఇది కొత్త రూలేం కాదు. 'ఏ' రికార్డూ పీటీఆరూ ఒకదానికొకటి సరిపోవాలని 1996లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1912 అనే ఇంటర్నెట్ పద్ధతుల పత్రంలోనే ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ తనకు మెయిల్ పంపేవాళ్లందరికీ దీన్ని తప్పనిసరి అర్హతల్లో పెట్టింది, రోజుకు వెయ్యి పంపేవాళ్లకైనా పది పంపేవాళ్లకైనా.

మరి కొందరికి మెయిల్ ఎలా పోతోందని మిల్లు యజమాని సేటు అడిగాడు. హైదరాబాద్‌లో ఒక కొనుగోలుదారుకు అన్నీ చేరుతున్నాయి. అది అవతలి సర్వర్ పెట్టుకున్న కట్టుబాటును బట్టి ఉంటుంది. పోస్ట్‌ఫిక్స్‌లోనే దీనికి రెండు మెట్లున్నాయి. ఒకటి పీటీఆర్ అసలే లేకపోతే ఆపుతుంది. రెండోది దానికంటే గట్టిది, పీటీఆర్ ఉన్నా తిరుగు దారి కలవకపోతే ఆపుతుంది. చాలామంది రెండూ పెట్టుకోరు. స్పామ్ వడపోసే స్పామ్ అసాసిన్ వాడేవాళ్ల దగ్గర మెయిల్ ఆగదు, కాస్త మచ్చ పడుతుందంతే. అందుకే "కొందరికి పోతోంది, కొందరికి పోవట్లేదు" అని ఎవరైనా ఫోన్ చేస్తే నేనిప్పుడు మొట్టమొదట రివర్స్ చూస్తాను.

కొత్త కంపెనీ పీటీఆర్ పెట్టేదాకా లారీలు ఆగవు. కాబట్టి ఆ మధ్యాహ్నమే బయటి రిలే సర్వీస్ ఒకటి తీసుకుని పోస్ట్‌ఫిక్స్‌ను దాని ద్వారా పంపేలా మార్చాను, ఎస్పీఎఫ్‌లో ఆ రిలేను కూడా చేర్చాను. రెండున్నరకల్లా క్యూలో ఉన్న చిట్టీలు కదిలాయి. ఈ మెట్టును ఎవరూ దాటవేయొద్దని నా సలహా. మనం రికార్డుల వెంట పడితే కస్టమర్ పని ఆగిపోతుంది, ఆ ఒత్తిడిలో చేసే మార్పుల్లో తప్పులు దొర్లుతాయి. ఈ కేసులో దానికి ఇంకో ఉపయోగం కూడా కలిగింది. లైన్ కంపెనీ వాళ్లు పీటీఆర్ విన్నపం రిజిస్టర్ చేసిన మెయిల్ ఐడీ నుంచే రావాలన్నారు. ఆ ఐడీ ఈ సర్వర్ మీదే ఉంది. వాళ్ల మెయిల్ సర్వర్ కూడా పీటీఆర్ లేని నంబరును రానివ్వదు. రిలే లేకపోతే పీటీఆర్ అడగడానికి కూడా దారి ఉండేది కాదు.

ఇకపై అసలు నంబర్లకు బదులు, ఉదాహరణలు రాసుకోవడానికే విడిగా ఉంచిన 203.0.113 వరస వాడతాను. సర్వర్ పేరు మెయిల్.మిల్లు.ఇన్ అనుకుందాం. కొత్త లైన్‌తో వచ్చినవి రెండు సెట్లు. లైన్ కలిసే చోట నాలుగు నంబర్ల చిన్న ముక్క, అందులో అవతలి వైపు 203.0.113.5, మన రూటర్ వైపు 203.0.113.6. అది కాక మన వాడకానికి స్లాష్ 29, అంటే 203.0.113.64 నుంచి 71 దాకా ఎనిమిది నంబర్లు. మెయిల్ సర్వర్‌కు 66 కేటాయించి, 'ఏ' రికార్డులో కూడా 66 రాశాను.

పీటీఆర్ పెట్టమని లైన్ కంపెనీ కాల్ సెంటర్‌కు ఫోన్ చేశాను. అవతల అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు కానీ, "డొమైన్ ఎక్కడ కొన్నారో అక్కడి ప్యానెల్‌లోనే పెట్టుకోవాలి సార్" అన్నాడు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. డొమైన్ ప్యానెల్‌లో పీటీఆర్ అని ఒక గడి కనిపించడం దీనికి మూలం. అందులో రాసినా ప్రపంచం అటు తిరిగి చూడదు. రివర్స్ ప్రశ్న మన డొమైన్ దగ్గరికి రానే రాదు. 203.0.113.66 నంబరును తిరగేసి 66.113.0.203.ఇన్-యాడర్.ఆర్పా అనే పేరుగా చేసి అడుగుతారు. పేర్లన్నిటికీ మొదలైన రూట్ సర్వర్ల నుంచి ఆర్పాకు, అక్కడి నుంచి మన వైపు దేశాల నంబర్లు పంచే ఏప్నిక్ సర్వర్లకు, వాళ్ల నుంచి ఆ వరస తీసుకున్న కంపెనీ నేమ్ సర్వర్‌కు, అంటే ఇలాంటి ప్రశ్నలకు జవాబిచ్చే సర్వర్‌కు వెళ్తుంది ప్రశ్న. మన దేశంలో నంబర్లు నిక్సీ అనే సంస్థ కింద నడిచే ఇరిన్ రిజిస్ట్రీ ద్వారా కూడా ఇస్తారు. ఏ దారిన వచ్చినా చివరి గడప మాత్రం లైన్ ఇచ్చినవాళ్లదే.

నోటితో చెబితే తెగదు కాబట్టి కమాండ్ రుజువు పంపాను. డీఎన్ఎస్‌ను ప్రశ్నలు అడిగే డిగ్ కమాండ్‌కు ప్లస్ ట్రేస్ కలిపి, మైనస్ ఎక్స్ తర్వాత నంబరు ఇస్తే ఒక్కో గడపా వరసగా కనిపిస్తుంది. చివరి వరసలో వాళ్ల నేమ్ సర్వర్ల పేర్లే ఉన్నాయి. ఆ అవుట్‌పుట్‌ను మెయిల్‌లో అతికించి, లైన్ సర్క్యూట్ నంబరు, అడ్రస్ 203.0.113.66, పెట్టాల్సిన పేరు మెయిల్.మిల్లు.ఇన్ రాసి, ఆ పేరుకు 'ఏ' రికార్డు ముందే ఉంది, చూసుకోండి అని చేర్చాను. మిల్లు లెటర్‌హెడ్ మీద సేటు సంతకంతో ఒక కాగితం కూడా జతచేశాను. సాయంత్రానికి టికెట్ వాళ్ల డీఎన్ఎస్ చూసేవాళ్ల చేతికి వెళ్లింది.

ఎనిమిది నంబర్ల రివర్స్ రికార్డులనూ మన నేమ్ సర్వర్‌కే అప్పగించమని అడగొచ్చు కదా అని ఒక తమ్ముడు నన్ను అడిగాడు. అడగొచ్చు. రివర్స్ డీఎన్ఎస్ చుక్కల దగ్గరే తెగుతుంది, అంటే 256 నంబర్ల ముక్క వరకే. అంతకంటే చిన్న ముక్క ఇవ్వాలంటే ఒక పేరును ఇంకో పేరుకు మళ్లించే సీనేమ్ రికార్డులతో చేసే ఉపాయం ఒకటి 1998లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2317లో ఉంది. ఒక్క మెయిల్ సర్వర్ కోసం అంత తిరగడం దండగ. ఒకే రికార్డు అడగాలి, పెట్టించుకోవాలి.

బుధవారం పొద్దున "పూర్తయింది" అని టికెట్ మూసేశారు. డిగ్ కొట్టి చూస్తే జవాబు ఇలా వచ్చింది: మెయిల్.మిల్లు.ఇన్.113.0.203.ఇన్-యాడర్.ఆర్పా.

పేరు చివర చుక్క పెట్టడం మరిచారు. జోన్ ఫైలులో, అంటే నేమ్ సర్వర్ రికార్డులుండే ఫైలులో, పూర్తి పేరు రాసినప్పుడు ఆఖర్న చుక్క లేకపోతే, అది సగం పేరే అనుకుని సర్వర్ తన జోన్ పేరును తోకలా తగిలిస్తుంది. డీఎన్ఎస్ పుట్టినప్పటి నుంచి ఉన్న తప్పే ఇది, నేనూ చేశాను, ఎవర్నీ అనేది లేదు. మళ్లీ టికెట్ తెరిపించి, పేరు చివర చుక్క ఉండాలని విడిగా ఒక వరసలో రాసి పంపాను. సాయంత్రం ఐదింటికి సరిచేశారు.

కానీ జవాబును ఎంతసేపు దాచుకోవచ్చో సెకన్లలో చెప్పే టీటీఎల్ 86400 అని ఉంది, అంటే 24 గంటలు. తప్పు జవాబును ఒకసారి తీసుకున్న రిజాల్వర్ (మన తరఫున జవాబు వెతికిపెట్టే సర్వర్) అంతసేపూ దాన్నే దాచుకుంటుంది. పొద్దున నేను తొందరపడి పలు చోట్ల నుంచి పరీక్షించడంతో ఆ తప్పు ఇంకొన్ని చోట్లకు చేరింది. ఇలాంటప్పుడు ముందు కంపెనీ నేమ్ సర్వర్‌నే నేరుగా అడగాలి. డిగ్‌లో ఎట్ గుర్తు తర్వాత ఆ సర్వర్ పేరు ఇస్తే చాలు, మధ్యలో ఎవరి జ్ఞాపకమూ అడ్డురాదు. అక్కడ సరిగ్గా ఉందంటే మిగతాది కాలం చూసుకుంటుంది. రికార్డు కొత్తగా పెట్టించేటప్పుడు మొదటి రెండు రోజులకు టీటీఎల్ 3600 అడగడం ఇప్పుడు నాకు అలవాటైంది.

శుక్రవారం పొద్దున ఎక్కడి నుంచి అడిగినా సరైన పేరే. పేరు అడిగితే 66. 66 అడిగితే పేరు. పోస్ట్‌ఫిక్స్‌లో మైహోస్ట్‌నేమ్ అనే సెట్టింగ్ కూడా అదే పేరు, అవతలి సర్వర్‌తో హెలో చెప్పేటప్పుడు మనవాడు ఇచ్చేది అదే. రిలే తీసేశాను. నా జీమెయిల్‌కు ఒక మెయిల్ పంపాను.

550 5.7.25.

అరగంట పాటు నమ్మలేకపోయాను. జీమెయిల్ పాత జవాబే పట్టుకుని ఉందేమో అనుకున్నాను, రెండు గంటలు ఆగాను, మళ్లీ అదే. కాకా ఏమీ అనలేదు, చాయ్ తెప్పించాడు. చాయ్ పక్కన పెట్టి లాగ్‌లోని వాక్యాన్ని అక్షరం అక్షరం చదివాను. 550-5.7.25 తర్వాత బ్రాకెట్. బ్రాకెట్‌లో 203.0.113.6. ఆరు తర్వాత బ్రాకెట్ మూసేసి ఉంది.

లేచి సోమవారం ఫైలు తీశాను. అక్కడా అదే అంకె. కాగితం కుడి అంచు దగ్గర 203.0.113.6 అని ఆగింది. రెండో ఆరు ప్రింట్‌లో తెగిపోయిందని ఆ రోజు అనుకున్నాను. తెగలేదు. మన మెయిల్ 66 నుంచి కాదు, 6 నుంచి పోతోంది.

సర్వర్ అసలు అడ్రస్ 192.168 తో మొదలయ్యే లోపలి అడ్రస్. బయటి నుంచి 66కు వచ్చిన మెయిల్‌ను రూటర్ లోపలికి పంపుతుంది, ఆ రూల్ శనివారమే రాశాను. బయటికి పోయేదానికి నేను రూల్ రాయలేదు. ఆఫీసులో అన్ని కంప్యూటర్లకూ ఉన్న మాస్కరేడ్ రూలే దీనికీ తగిలింది, అది బయటి తీగకున్న అడ్రస్‌ను, అంటే 6ను తొడిగి పంపుతుంది. పాత లైన్‌లో ఒక్కటే పబ్లిక్ నంబరు. రావడానికీ పోవడానికీ అదే, కాబట్టి ఈ తేడా బయటపడే సందర్భమే రాలేదు. ఎస్పీఎఫ్‌లోనూ 66 ఒక్కటే రాసి ఉంది. అంటే సోమవారం హైదరాబాద్ కొనుగోలుదారుకు చేరిన మెయిల్‌లు కూడా ఎస్పీఎఫ్ తప్పి, మెయిల్ మన డొమైన్‌దేనని చూపే డీకిమ్ సంతకం బలంతో నిలబడ్డాయన్నమాట. ఆయనకు ఫోన్ చేసి సోమవారం మెయిల్ హెడర్ తెప్పించాను. రిసీవ్డ్ వరసలో మన హెలో పేరు, దాని పక్కన అన్‌నోన్, ఆ పక్కనే 203.0.113.6. మొదటి రోజే ఆ ఒక్క వరస అడిగి ఉంటే సరిపోయేది.

రెండు దారులున్నాయి. 6కు కూడా పీటీఆర్ పెట్టించడం ఒకటి, మెయిల్‌ను 66 నుంచి పంపడం రెండోది. రెండోదే సరైందని నా గట్టి అభిప్రాయం. 6 లైన్ కలిసే నంబరు, కంపెనీ వాళ్లు తమ వైపు ఏదైనా సర్దితే మారొచ్చు. అంతకంటే ముఖ్యంగా, ఆఫీసులో అందరి బ్రౌజింగ్ దాని మీదే పోతుంది. రేపు ఒక కంప్యూటర్‌కు వైరస్ తగిలి ఆ నంబరు బ్లాక్‌లిస్టులో పడితే మెయిల్ కూడా దానితోపాటే పడుతుంది. మెయిల్ నంబరు మెయిల్‌కే ఉండాలి.

అక్కడున్నది మైక్రోటిక్ రూటర్. సర్వర్ లోపలి అడ్రస్ నుంచి బయటికి పోయే ప్రతిదానికీ 66 తొడగమని ఒక సోర్స్ నాట్ రూల్ రాసి, దాన్ని మాస్కరేడ్ పైకి జరిపాను. రూటర్ పై నుంచి కిందికి చదువుతూ మొదట కలిసిన రూల్ దగ్గరే ఆగిపోతుంది, కింద ఉంటే రాసినా రాయనట్టే. దానితోపాటే సర్వర్ తప్ప ఇంకే కంప్యూటర్ సర్వర్ల మధ్య మెయిల్ నడిచే 25వ పోర్టు మీద బయటికి పోకుండా మూసేశాను. కొత్త తరహా పొడవాటి నంబర్లైన ఐపీవీ6 ఆ లైన్‌లో లేదు. ఉండి ఉంటే పోస్ట్‌ఫిక్స్ ఆ దారినా పంపేది, దానికి వేరే పీటీఆర్, ఐపీ6.ఆర్పా కింద ఒక్కో అంకెకు ఒక్కో చుక్క పెట్టి 32 అంకెలు తిరగరాయాలి. అది పెట్టించే ఓపిక లేకపోతే పోస్ట్‌ఫిక్స్‌ను ఐపీవీ4కే పరిమితం చేసుకోవాలి.

శుక్రవారం నాలుగు దాటాక మళ్లీ పంపాను. లాగ్‌లో 250, అంటే అందిందన్న జవాబు వచ్చింది. జీమెయిల్‌లో అసలు మెసేజ్ తెరిస్తే రిసీవ్డ్ వరసలో హెలో పేరు మెయిల్.మిల్లు.ఇన్, బ్రాకెట్ లోపల మళ్లీ అదే పేరు, పక్కన 203.0.113.66. ఎస్పీఎఫ్, డీకిమ్, ఆ రెంటి ఫలితం చూసే డీమార్క్ మూడూ పాస్. రిలేను ఎస్పీఎఫ్ నుంచి తీసేశాను. కాంటా గదిలోకి పోయి తర్వాతి లారీ కోసం నిలబడ్డాను. చిట్టీ బయటికి పోవడం లాగ్‌లో నా కళ్లతో చూశాకే సంచి సర్దుకున్నాను.

పోయే ముందు సేటు ఇంకో పని చెప్పాడు. లైన్ తెగితే ఆఫీసు ఆగకుండా మామూలు ఫైబర్ ఒకటి బ్యాకప్‌గా పెట్టమన్నాడు. పెట్టాను, కానీ మెయిల్ సర్వర్‌ను దాని మీదికి పోనివ్వలేదు. ఆ లైన్ నంబరు రోజుకోలా మారుతుంది, దానికి మన పేరుతో పీటీఆర్ ఎవరూ ఇవ్వరు. అటు నుంచి పోతే మళ్లీ 550, అది శాశ్వత తిరస్కారం కనుక పోస్ట్‌ఫిక్స్ రెండోసారి ప్రయత్నించదు. అదే దారి మూసి ఉంటే మెయిల్ క్యూలో ఉండి, మామూలు సెట్టింగ్‌లో అయిదు రోజుల దాకా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది.

కాకాకు ఇది అంత నచ్చలేదు. "అంటే లైన్ పోయిన్నాడు కాంటా చిట్టీలు ఆగుతయా బిడ్డా?"

"ఆగుతయి కాకా. కానీ వాపస్ రావు. లైన్ రాంగనే వాటంతటవే పోతయి. అంత తొందరున్న లారీ ఉంటే చిట్టీ ఫోటో తీసి వాట్సాప్‌ల పెట్టుండ్రి."

కాకా ఫైలు తెరిచి, పీటీఆర్ విన్నపం లెటర్‌హెడ్ కాపీని వాపస్ మెయిల్‌ల కాగితాల పైన పెట్టాడు. ఎర్ర పెన్ను అడిగి తీసుకుని, సోమవారం కాగితం కుడి అంచున ఉన్న ఆ ఒంటి ఆరు కింద నేనే గీత గీశాను.